తలుపు దాటితే మూడు రోజులు

నన్ను నేను మొదటిసారి బయటినుంచి చూసుకున్నది ఒక ఆసుపత్రి వరండాలో. మెడలో లేని స్టెతస్కోపు కొనలు రెండు చేతులా పట్టుకుని, తల కాస్త ఎడమకి వాల్చి, ఎదుటి మనిషిని కాక నేలని చూస్తూ, "ఊఁ... ఊఁ... తర్వాత?" అంటూ ఒకావిడ నడుస్తోంది. చుట్టూ నిలబడ్డ నర్సులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నన్ను చూడగానే వాళ్ళు తలో దిక్కుకీ జారుకున్నారు. నడిచే ఆవిడ మాత్రం జారుకోలేదు. చేతులు దించి, "తప్పయిందండి సార్" అంది.

ఆవిడ ఆ ఆసుపత్రిలో ఆయా. నాకు కోపం రాలేదు. నేను నిజంగా అట్లాగే నడుస్తానా అన్న అనుమానం పట్టుకుంది. ఆ సాయంత్రం కాలేజీకి తిరిగెళ్ళే బస్సులో కూడా అదే ఆలోచన.

ఇది డెబ్బైల చివరి మాట. అప్పటికి నేను మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, చెబుతున్నాను. మీలో చాలామంది ఇప్పుడు కళ్ళార్పే బొమ్మల మీదా, నాడి కొట్టుకునే బొమ్మల మీదా వైద్యం నేర్చుకుంటున్నారని విన్నాను. మా రోజుల్లో మా శాఖలో ఉన్నది కప్ప గుండె. మసి పట్టించిన కాగితాన్ని ఒక డ్రమ్ముకి చుట్టి తిప్పుతూ, ఆ గుండె కొట్టుకునే గీతలు దానిమీద పడేటట్టు చేసేవాళ్ళం. ఏ మందు చుక్క వేస్తే గీత పెరుగుతుందో, ఏది వేస్తే తగ్గుతుందో పిల్లలు చూసి రాసుకునేవాళ్ళు. కప్ప నాకు దగ్గొస్తోందని చెప్పదు. మందు మర్చిపోయానని అబద్ధం ఆడదు. పరీక్షల్లో మా పిల్లలకి మంచి మార్కులే వచ్చేవి.

అప్పట్లో విద్యార్థులు పల్లె వైద్యం చూడాలని పైనుంచి ఆదేశం వచ్చింది. వారానికొకసారి పన్నెండు మందిని వెంటబెట్టుకుని, కంచికచర్ల, కీసర దాటుకుంటూ, నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి బస్సులో వెళ్ళేవాణ్ణి. ఊరి పేరు చెప్పను. అది నాకు కొత్త చోటు కాదు. పీజీకి వెళ్ళకముందు ఎనిమిది నెలలు అక్కడే మెడికల్ ఆఫీసరుగా చేశాను. అందుకే ఈ పని నా నెత్తిన పడింది. ఆయా మాత్రం నేను వెళ్ళిపోయాక చేరిన మనిషి.

అక్కడికి వెళ్ళాక తెలిసింది, మా పిల్లలకి మందులన్నీ వచ్చు, మనుషులు రారని. నిజమైన రోగులకి వాళ్ళ చేత చీటీ రాయించలేను. ఉత్తినే చూస్తూ నిలబడితే ఏమీ అంటదు. వరండాలో ఆయా నా నడక నడిచిన మర్నాటికి నాకో ఊహ వచ్చింది. ఈవిడ నాలాగా నడవగలిగితే, రోగిలాగా ఎందుకు కూర్చోలేదు?

కాంపౌండరుకి ముందు చెప్పాను. ఆయన ముప్పై ఏళ్ళుగా మిక్చర్లు కలుపుతున్న మనిషి. డాక్టర్లు మారినా ఆయన మారలేదు. కళ్ళజోడు మీదనుంచి చూసి, "రోగాలు లేనోళ్ళకి రోగాలు పెడతారా డాక్టరు గారూ? ఉన్నోళ్ళు చాలటంలేదా?" అన్నాడు. అన్నాడే గానీ, మరుసటి వారానికి ఆసుపత్రి వెనక ఖాళీగా ఉన్న గది ఊడ్పించి, రెండు కుర్చీలూ ఒక బల్లా వేయించింది ఆయనే.

పద్ధతి ఇది. నేను ఒక కేసు తయారుచేసి ఆయాకి చెప్పేవాణ్ణి. ఆవిడ రోగిగా వచ్చి కూర్చునేది. ఒక విద్యార్థి ప్రశ్నలడిగి చీటీ రాయాలి. చీటీ తీసుకుని ఆవిడ తలుపవతలికి వెళ్ళిపోయేది. తలుపు దాటి మళ్ళీ వస్తే మూడు రోజులు గడిచినట్టు లెక్క. ఆ మందు వేసుకుంటే మూడు రోజుల్లో ఏమవుతుందో నేను తలుపు దగ్గర ఆవిడ చెవిలో చెప్పేవాణ్ణి. ఆవిడ అది అయ్యి లోపలికొచ్చేది.

మొదటి వారం గుండెదడ. కేసు నలభై ఏళ్ళ ఆడమనిషి. ఒకబ్బాయి చకచకా నాలుగు ప్రశ్నలడిగి, అప్పుడే కొత్తగా వాడకంలోకొస్తున్న ప్రొప్రనలాల్ రాశాడు. ఆయాసం ఉందా అని అడగలేదు. ఆయా తలుపు దాటి వెళ్ళి, గోడ పట్టుకుని, పిల్లికూతలతో తిరిగొచ్చింది. ఊపిరి లోపలికి వెళ్ళటం లేదు, బయటికి రావటం లేదు. ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. కిటికీలోంచి తొంగి చూస్తున్న కాంపౌండరు కంగారుపడి లోపలికొచ్చి, "అమ్మాయ్, నిజంగా వచ్చిందా ఏంటి?" అని అరిచాడు. ఆయా ఊపిరి సరిచేసుకుని, "చచ్చిపోయినట్టేనా సార్, బతికినట్టా?" అని నన్నడిగింది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆ మందు ఇవ్వకూడదని ఆ పన్నెండు మందిలో ఎవరూ ఇక జన్మలో మర్చిపోరని నాకనిపించింది.

మా శాఖ పెద్దాయనకి ఈ సంగతి తెలిసి, "ఫార్మకాలజీని నాటకం చేస్తున్నావటగా" అన్నారు. మానమనలేదు, చెయ్యమననూ లేదు. ఒకరోజు వచ్చి చూస్తానన్నారు.

ఇక్కడ నా మొదటి తప్పు చెప్పాలి. నేను కేసులు పుస్తకాల్లోంచి రాసేవాణ్ణి. ఆయాకి చదువు రాదు కాబట్టి చదివి వినిపించేవాణ్ణి. ఆవిడ ఊరికే వినేది కాదు.

"ఈ ముసలావిడకి మొగుడున్నాడా సార్?"

"అది మనకక్కర్లేదమ్మా. గుండె బలహీనం. రోజూ ఒక బిళ్ళ వేసుకుంటోంది. అంతే."

"బిళ్ళలు ఎవరు తెచ్చిపెడతారు? కోడలా? నీళ్ళెవరు మోస్తారు ఇంట్లో?"

"చెప్పాగా, అక్కర్లేదని."

"అవి తెలియకుండా ఎట్లా మూలగమంటారు సార్?" అంది.

నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆరోజు క్లాసులో, బిళ్ళ రోజూ వేసుకుంటున్నారా అని ఒకమ్మాయి అడిగితే, "నేను సగమే వేసుకుంటున్నానమ్మా. మా తోడికోడలికీ ఆయాసమే. మిగతా సగం దానికిస్తున్నా" అని చెప్పింది. క్లాసంతా తడబడిపోయింది. నేను రాసిన కేసులో తోడికోడలు లేదు. ఆ గుండె బిళ్ళ, డిజాక్సిన్, ఎక్కువై వాంతులు కావటం, కళ్ళకి అంతా పచ్చగా కనపడటం నా పాఠం. సగం బిళ్ళ వేసుకుంటే అవెందుకొస్తాయి? పాఠం పాడైపోయింది. క్లాసయ్యాక గట్టిగానే కోప్పడ్డాను. "నేను చెప్పింది చెప్పు చాలు. సొంతవి కలపొద్దు" అన్నాను.

"అట్లాగే సార్" అంది.

తర్వాతి రెండు వారాలూ అట్లాగే చేసింది. నేను చెప్పిన మాట చెప్పినట్టు, ఒక్కటి పెంచకుండా ఒక్కటి తగ్గించకుండా. పిల్లలు ఆవలించారు. అన్ని ప్రశ్నలకీ జవాబులు సరిగ్గా వచ్చేవి, అందరూ సరిగ్గా చీటీ రాసేవాళ్ళు, ఎవరికీ ఏమీ గుర్తుండేది కాదు. తోడికోడలి కేసులో ప్రశ్న అడిగిన అమ్మాయే నా దగ్గరికొచ్చి, "సార్, ఆవిడ మొదట్లోలాగా లేదేంటి? అప్పుడు భయమేసేది, బాగుండేది" అంది. చాలా చురుకైన పిల్ల, ఏది తోస్తే అది అడిగే రకం.

ఆలోచిస్తే, ఆసుపత్రిలో రోజూ చూసేది ఆ తోడికోడళ్ళనే. పుస్తకంలో రోగి ఎప్పుడూ మందు వేసుకుంటాడు. ఊళ్ళో రోగి కొంచెం వేసుకుంటాడు, కొంచెం పంచుతాడు, కొంచెం దాస్తాడు. ఆయా దగ్గరికి వెళ్ళి, ఇకమీదట నీ ఇష్టం వచ్చినట్టు కలుపుకో అని చెప్పాను. ఆవిడ మొహంలో నవ్వు దాగలేదు. "తోడికోడల్ని మళ్ళీ తీసుకురానా సార్?" అంది.

కొన్ని నెలలు అట్లా బాగా సాగింది. రోగాలు మారినా కుర్చీ మారలేదు. ఆయా ఎంతమంది అయిందో, ఎన్నిసార్లు చచ్చిపోయిందో లెక్క లేదు. "ఈ వారం మూడుసార్లు చంపారు బాబూ నన్ను. ఇంటికెళ్ళి వంట చేసుకోనివ్వండి" అనేది. పిల్లలు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

ఒకరోజు ఆ చురుకైన అమ్మాయి, "సార్, ఎప్పుడూ మేమే చంపుతున్నాం. ఒకసారి మీరు కూర్చోండి" అంది. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. వచ్చేవారం మా పెద్దాయన చూడటానికి వస్తానని కబురు చేశారు. ఆరోజే కూర్చుంటానని ఒప్పుకున్నాను. నాకు లోపల కొంత గర్వం లేకపోలేదు. ఎట్లా అడగాలో పిల్లలకీ, ఇది నాటకం కాదని పెద్దాయనకీ ఒకేసారి చూపించవచ్చనుకున్నాను.

ఆయా నా దగ్గరికొచ్చి మెల్లిగా, "ఆరోజు కేసు నేను చెప్పనా సార్? మీరు రాయొద్దు" అంది. ముందే తెలిస్తే పరీక్ష ఏముంది? సరేనన్నాను.

ఆ గురువారం గది నిండిపోయింది. పెద్దాయన వెనక బెంచీ మీద, పక్కన కాంపౌండరు. ఆయా తలుపు దగ్గర ఒక చెయ్యి గోడకి ఆనించి లోపలికొచ్చింది, కుర్చీలో కూర్చుంది.

"ఏంటమ్మా బాధ?"

"దగ్గు తగ్గిందండి. జొరం లేదు. సూదులేయించుకుంటున్నా రోజూ. నెలన్నరయింది. క్షయ అన్నారు."

నాకు హాయిగా అనిపించింది. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు. తెలిసిన దారే. పిల్లల వైపు తిరిగి, ఈ మందు ఎన్నాళ్ళివ్వాలో, తోడుగా ఏ బిళ్ళలివ్వాలో చెబుతూ, మధ్యమధ్యలో ఆవిణ్ణి ప్రశ్నలడిగాను.

"ఆకలెట్లా ఉంది?"

"ఆఁ, అవునండి."

"బరువు పెరిగావా?"

"మా ఊరు పక్కనేనండి."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఈవిడ ఇవాళ మొద్దుమనిషి వేషం కట్టినట్టుంది, పెద్దాయన ముందు ఎక్కువ చేస్తోంది అనుకున్నాను. నాకు కాస్త చిరాకేసింది. తల వంచుకుని చీటీ రాశాను. అదే సూది ఇంకో నెల, నీరసానికి ఒక టానిక్కు.

ఆవిడ చీటీ తీసుకుని తలుపు దాటింది. ఈసారి తలుపు దగ్గర నేను చెవిలో చెప్పేది ఏమీ లేదు. కాసేపటికి తిరిగొచ్చింది. ఇప్పుడు రెండు చేతులూ గోడ మీదే ఉన్నాయి, అడుగులు ఎడంగా పడుతున్నాయి. కుర్చీ వైపు కాక కిటికీ వైపు నడుస్తోంది.

"ఇటమ్మా" అన్నాను. తిరగలేదు. "ఇటు. ఏమ్మా, ఇటు!" అయినా తిరగలేదు. పిల్లలు ఆగకుండా నవ్వుతున్నారు. నేను బల్ల మీద చేత్తో కొట్టి, "వినపడటంలా?" అని అరిచాను.

నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ముందు వరసలోంచి ఆ చురుకైన అమ్మాయి, ఎవరికో రహస్యం చెబుతున్నట్టు, "సార్... స్ట్రెప్టోమైసిన్" అంది.

ఆ మందు చెవి నరాన్ని తింటుందనీ, ముందు నడక తూలుతుందనీ, తర్వాత వినికిడి పోతుందనీ, రోగిని ప్రతి వారం దాని గురించి అడగాలనీ ఏటా పాఠం చెప్పేది నేనే. పరీక్షలో ఆ ప్రశ్న ఇచ్చేదీ నేనే.

ఓడిపోయాను, ఒప్పుకోవాలి అనుకుని నవ్వు తెచ్చిపెట్టుకునేలోపే ఆయా తిరిగి, తన సొంత గొంతుతో, "మా ఆయన్ని కూడా ఇదే మాటన్నారు సార్ మీరు. వినపడటంలా అని. నేను తలుపు దగ్గర నిలబడే ఉన్నా" అంది.

కాంపౌండరు లేచి బయటికి వెళ్ళాడు. కాసేపటికి పాత బీరువాలోంచి ఆవిడ భర్త క్షయ కార్డు దుమ్ము దులుపుతూ తెచ్చి బల్లమీద పెట్టాడు. నాలుగేళ్ళ కిందటిది. నేను మెడికల్ ఆఫీసరుగా ఉన్నప్పటిది. వారం వారం నా చేతిరాత, "అదే మందు", "అదే మందు", "అదే మందు". కింద నా పొట్టి సంతకం. ఆ మనిషి ముఖం గుర్తు తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. రాలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను బాధపెట్టేది సంతకం కాదు, ముఖం గుర్తు రాకపోవటం.

అందరూ వెళ్ళాక అడిగాను. "నేనేనని ఎప్పుడు తెలిసింది నీకు?"

"మీరు పిల్లలతో వచ్చిన మొదటిరోజే సార్."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే మీరొక్కరే బాధపడేవాళ్ళు. మీకే గుర్తొస్తుందేమోనని చూశా. రాలా. సర్లే, ఈ పిల్లలకన్నా తెలియాలిగా అనుకున్నా."

తిట్టినట్టు అనలేదు. మామూలుగా అంది.

మా పెద్దాయన తిరుగు ప్రయాణంలో కంచికచర్లలో బస్సాగినప్పుడు టీ గ్లాసు నా చేతికిస్తూ, "వచ్చే బ్యాచికి కూడా ఈ కేసే పెట్టు. నీ తప్పు సహా చెప్పు. చెప్పగలిగితేనే సుమా" అన్నారు.

ఆ ఆదివారం ఆయా వెంట వెళ్ళి ఆవిడ భర్తని చూశాను. జగ్గయ్యపేట దగ్గర హైవే మీద లారీ షెడ్డులో మెకానిక్కు. జబ్బుకి ముందు, వచ్చే లారీ కంటికి కనపడకముందే చప్పుడు విని దాని జబ్బు చెప్పేవాడట. ఇప్పుడు సొంతంగా పని ఒప్పుకోవటం మానేశాడు, వేరేవాళ్ళ కింద చేస్తున్నాడు. ఆయా ఆసుపత్రిలో చేరింది అందుకే.

మేం వెళ్ళేసరికి ఆయన అరచెయ్యి ఇంజను మీద ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఏం చేస్తున్నాడా అని నేను వింతగా చూస్తుంటే, గమనించి నా చెయ్యి పట్టుకుని ఇంజను మీద పెట్టాడు. వణుకు తెలిసింది. నా చేతిని ఒక జానెడు పక్కకి జరిపాడు. అక్కడ వణుకు వేరేగా ఉంది, మధ్యలో తెగి మళ్ళీ అందుకుంటోంది. "అదండి, అక్కడుంది దోషం" అన్నాడు, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు కాస్త గట్టిగా. ఒక్క నిమిషం నేను ఎందుకొచ్చానో మర్చిపోయాను.

తర్వాత చెప్పాను. "నాలుగేళ్ళ కింద మీకు సూదులు రాసింది నేనండి. చెవుల సంగతి అడగలేదు. తప్పు నాది."

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ సైగలు చేసి చెబుతుందని నేననుకున్నాను. ఆవిడ చేతులు కట్టుకుని, "మీరే చెప్పండి సార్. ఆయనకి అర్థమయ్యేదాకా చెప్పండి" అంది.

ఇంకొంచెం గట్టిగా చెప్పాను. ఆయన అట్లాగే చూస్తున్నాడు. మూడోసారి అరిచి చెప్పాను. "తప్పు నాదండీ!" చుట్టుపక్కల సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. షెడ్డులో అందరూ ఇటే చూస్తున్నారు.

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "మీ పెదాలు చూసి మొదటిసారే అర్థమైందండి" అన్నాడు. "రెండోసారి అంటారో అనరో చూద్దామని ఊరుకున్నా." నవ్వలేదు, కోప్పడలేదు. "మా ఆవిడ చెప్పే ఆ పిల్లలెంతమంది?" అని అడిగాడు. పన్నెండు మందని వేళ్ళతో చూపించాను. "నేనొస్తా" అన్నాడు.

వచ్చాడు. ఆ గదిలో మొదటిసారి నిజమైన రోగి కూర్చున్నాడు. ఆయన తెలుగు చదవగలడు కాబట్టి పిల్లలు పలక మీద ప్రశ్నలు రాసి చూపించారు. తూలటం ఎప్పుడు మొదలైంది, చెవుల్లో హోరు వచ్చిందా, ఎవరికన్నా చెప్పారా. అన్నిటికీ ఓపికగా చెప్పాడు. హోరు సంగతి డాక్టరుకి ఎందుకు చెప్పలేదంటే, "దగ్గుకి వచ్చినోణ్ణి, చెవుల సంగతి చెబితే కోప్పడతారనుకున్నా" అన్నాడు. ఆ మాట రాసుకోమని నేను పిల్లలకి చెప్పక్కర్లేకపోయింది.

చివరికి ఆ చురుకైన అమ్మాయి పలక తుడిచి, చాలాసేపు ఆలోచించి రాసింది. మీకు ఆఖరుగా బాగా వినపడింది ఏంటి?

అది ఏ పుస్తకంలోనూ లేని ప్రశ్న. వైద్యానికి పనికొచ్చేదీ కాదు. ఆపుదామా అనుకున్నాను. ఆయన అప్పటికే చదివేశాడు.

"మా ఆవిడ తిట్టటం" అన్నాడు. "నేను మాట్లాడితే పలకవేంటి, లెక్కలేదా నేనంటే, అని తిట్టింది. అప్పటికి సగమే వినపడుతోంది నాకు. ఆవిడకి తెలీదుగా. కోపమొచ్చి పది రోజులు మాట్లాడటం మానేసింది. పదకొండో రోజు పొద్దున, రా, అన్నం తిను అన్నట్టుంది. పెదాలు కదిలినాయి. నాకేం వినపడలా."

తలుపు దగ్గర నిలబడ్డ ఆయా, మా ఎవర్నీ చూడకుండా, "ఇది నాకెప్పుడూ చెప్పలేదు సార్ ఈయన" అంది.

వచ్చి ఆయన ఎదురుగా, ఎప్పుడూ డాక్టరు కూర్చునే కుర్చీలో కూర్చుంది. పిల్లలు నావైపు చూశారు. పుస్తకాలు తీసుకోమని సైగ చేసి, అందర్నీ బయటికి తీసుకొచ్చి, వెనక తలుపు దగ్గరగా వేశాను.